ఖాజాగూడ రాళ్ళకు ఏ షూ కొనాలి?

సైబరాబాద్‌లో రాళ్ళెక్కడం నేర్చుకునేవాళ్ళలో చాలామంది మొదలుపెట్టేది క్లైంబింగ్ జిమ్ గోడ దగ్గర. రంగురంగుల ప్లాస్టిక్ పట్లు, కింద మందపాటి పరుపు, కౌంటర్ దగ్గర అద్దె షూస్. కొన్నాళ్ళకు ఎవరో ఒకరు ఆదివారం తెల్లవారుజామున ఖాజాగూడ గుట్టకు రమ్మంటారు. అసలు బండ మీద కాలు పెట్టాక ఈ ఆట మీద ఇష్టం రెట్టింపవుతుంది. దాంతోపాటే ఒక సందేహమూ మొదలవుతుంది: సొంతానికి ఒక జత కొనుక్కోవాలి, ఏది కొనాలి?

ఆ ఒక్క జతే జిమ్‌కీ, గుట్టకీ, ఎప్పుడైనా తాడు కట్టుకుని భువనగిరి కోట బండ ఎక్కడానికీ పనికిరావాలి. పోటీలకు వెళ్ళాలనో, ఫలానా గ్రేడు (కష్టం స్థాయి) సాధించి తీరాలనో కాకుండా, సరదాగా ఒక రాయి నుంచి ఇంకో రాయికి తిరుగుతూ కనిపించినదల్లా ప్రయత్నించి చూసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అడుగు చదునుగా ఉండి, మరీ మెత్తగా కాకుండా, వేళ్ళు బాధతో ముడుచుకోనంత బిగువుగా పట్టే షూ తీసుకోండి. గద్ద ముక్కులా కొస కిందికి వంగి ఉండే ఖరీదైన షూ మన రాళ్ళకు సరైన మొదటి షూ కాదు. అలా ఎందుకంటున్నానో తెలియాలంటే షూ కంటే ముందు రాయిని చూడాలి.

హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల లోతున శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారి ఈ రాయి తయారైంది. నెమ్మదిగా చల్లారింది కాబట్టే ఇందులో స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా పెరిగాయి. లేత గులాబీ రంగులోనో తెల్లగానో కనిపించేది ఫెల్స్పార్, బూడిద రంగులో మెరిసేది క్వార్ట్జ్, నల్లగా తళుక్కుమనేది అభ్రకం. పైనున్న పొరలన్నీ కోట్ల ఏళ్ళలో కొట్టుకుపోయాక బరువు తగ్గి బండ పగుళ్ళిచ్చింది. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగాయి. దిమ్మకు మూల ఉన్నచోట మూడు వైపుల నుంచీ నీళ్ళు తగులుతాయి గనుక మూలలే ముందు అరిగాయి. అలా పలకలుగా ఉన్న దిమ్మలు గుండ్రాళ్ళయ్యాయి. చుట్టూ చివికిన మన్ను వానలకు పోయి, ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు మిగిలాయి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, శిల్పారామంలో ఎలుగుబంటి ముక్కుగా పేరుపడ్డ రాయి, సెంట్రల్ యూనివర్సిటీ వైపున్న పుట్టగొడుగు రాయి, అన్నీ ఇలా తయారైనవే.

ఎక్కేవాళ్ళకు ఇందులో ఉన్న సంగతి ఏమిటంటే, గుండ్రాయికి అంచులుండవు. సున్నపురాయి కొండల్లో వేళ్ళు దూర్చడానికి బొక్కలుంటాయి. ఇసుకరాయి బాదామిలో మెట్లు మెట్లుగా పట్లు దొరుకుతాయి. మన గ్రానైట్ మీద చేతికి చాలాచోట్ల ఏమీ అందదు. అరచేయి పరిచి నొక్కి, బరువంతా కాళ్ళ మీదే వేసి లేవాలి. జిమ్ నుంచి వచ్చినవాళ్ళు మొదటిరోజు తడబడేది ఇక్కడే. అక్కడ చేతులతో లాక్కోవడం అలవాటైపోయి ఉంటుంది. ఇక్కడ లాగడానికి ఏమీ ఉండదు.

ఖాజాగూడలో పాదానికి తగిలే పనులు ముఖ్యంగా మూడు. మొదటిది స్లాబ్, అంటే ఏటవాలు బండ. దాని మీద అరికాలి ముందు భాగాన్ని పరిచి, రాపిడి మీదే నిలబడాలి. దీన్నే అందరూ స్మియర్ అంటారు. రెండోది స్ఫటికం మీద నిలబడటం. దగ్గరికి వెళ్ళి చూస్తే బండ మీద శనగగింజంత ఫెల్స్పార్ ముక్క ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. బొటనవేలి లోపలి అంచును సరిగ్గా దాని మీద పెట్టి, మడమ కదలకుండా బరువు వేయాలి. మడమ కొంచెం ఊగినా రబ్బరు ఆ గింజ మీద నుంచి జారిపోతుంది. మూడోది రాయి పైకి చేరేచోటు. గుండ్రాయి కొసన కూడా గుండ్రంగానే ఉంటుంది కాబట్టి, చేతులతో ఆనించుకుని ఒక కాలు పక్కకు పైకి వేసి, ఆ కాలి మీదే లేవాలి. వీటికి తోడు రెండు రాళ్ళ మధ్య చీలికలూ, రాయి కింద తలకిందులుగా వేలాడుతూ ఎక్కే ప్రాబ్లమ్స్ (ఒక్కో రాయి మీద ఎక్కే దారిని ఇలా అంటారు) కూడా ఉన్నాయి. అవి బాగుంటాయి. కానీ సరదాగా తిరిగేవాళ్ళ పొద్దంతా గడిచేది మొదటి మూడింటి మీదే.

బడిలో చదివిన ఘర్షణ పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఏటవాలు మీద జారకుండా నిలబడాలంటే ఘర్షణ గుణకం ఆ కోణపు టాంజెంట్‌కు తగ్గకూడదు. 45 డిగ్రీల వాలుకు అది 1. తోలు అడుగున్న మామూలు బూటు అక్కడ నిలవదు. మెత్తటి రబ్బరు నిలుస్తుంది. బరువు పడగానే అది గరుకు రాతిలోని చిన్న చిన్న గుంటల్లోకి దిగి, స్ఫటికాల చుట్టూ వంగుతుంది. జారాలంటే ఆ వంపులన్నీ మారుతూ రావాలి, అందుకు శక్తి ఖర్చవుతుంది. ఇంకో సంగతి: ఆనే వైశాల్యానికీ ఘర్షణకూ సంబంధం లేదని బడిలో చెప్పిన సూత్రం రబ్బరుకు పూర్తిగా వర్తించదు. రబ్బరు ఎంత ఎక్కువ చోట ఆనితే పట్టు అంత పెరుగుతుంది. అందుకే స్లాబ్ మీద అనుభవం ఉన్నవాళ్ళు "మడమ దించు" అని కింద నుంచి అరుస్తారు. మడమ దిగితే రబ్బరు ఎక్కువ మేర బండకు అంటుకుంటుంది. భయంతో బండకు పొట్ట ఆనించి వంగితే, బరువు పాదాన్ని బండలోకి నొక్కే బదులు కిందికి తోసేస్తుంది. నడుము బయటికి పెట్టి నిటారుగా నిలబడినవాళ్ళే జారకుండా ఉంటారు.

ఈ లెక్క తెలిశాక షూ ఆకారం గురించి మాట్లాడుకోవచ్చు. కొస కిందికి వంగిన షూలో వేళ్ళు ముడుచుకుని, బలమంతా బొటనవేలి దగ్గరికి చేరుతుంది. ముందుకు వాలిన గోడ మీద ప్లాస్టిక్ పట్టును కాలివేళ్ళతో గీరి లాక్కోవడానికి అది అద్భుతంగా పనిచేస్తుంది. దాని పని అదే. అదే షూతో స్లాబ్ మీద నిలబడితే ఆ వంపు అరికాలిని బండకు పూర్తిగా ఆననివ్వదు, మడమ దించబోతే షూ ఎదురు తిరుగుతుంది. ఎక్కువ డబ్బు పోసి తక్కువ రబ్బరు రాతికి తాకించినట్టవుతుంది. చదును షూలో పాదం సహజంగా ఉంటుంది, రబ్బరు మొత్తం ఆనుతుంది. జిమ్‌లో ముందుకు వాలిన గోడల మీద ఇది కొంత వెనకబడుతుంది, నిజమే. మొదటి ఒకటి రెండేళ్ళలో ఎక్కే ప్రాబ్లమ్స్‌లో ఆ తేడా వల్ల ఆగిపోయేవి చాలా తక్కువ. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయేవే ఎక్కువ.

మంచు కొండల్లో టూరింగ్ స్కీలు కొనేవాళ్ళదీ ఇలాంటి తంటాయే. గుల్‌మార్గ్ లాంటి చోట సొంత కాళ్ళతో కొండెక్కి, మెత్తటి మంచు మీద ఆడుకుంటూ దిగాలనుకుంటే, ఎక్కేటప్పుడు స్కీ తేలికగా ఉండాలి, దిగేటప్పుడు అదరకుండా నిలకడగా ఉండాలి. తేలికైనది అదురుతుంది, నిలకడైనది బరువవుతుంది. అందుకే అన్నిటికీ ఒకే జత కావాలనుకునేవాళ్ళు నడుమ వెడల్పు దాదాపు 95 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్య ఉండే స్కీలవైపు మొగ్గుతారు. ఏ కొండ మీద ఎక్కువ రోజులు గడుస్తాయో దానికి తగ్గట్టు కొని, మిగతాచోట్ల కొంత సర్దుకుంటారు. మనకు ఎక్కువ రోజులు గడిచేది ఐటీ కారిడార్ పక్కనున్న గుండ్రాళ్ళ మీద.

ఇక రబ్బరు. ఈ కథ వెనక విషాదం ఒకటుంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో పుంటా రాసికా శిఖరం దగ్గర వాతావరణం తిరగబడి ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. వాళ్ళు పర్వతారోహకుడు విటాలే బ్రమాని సహచరులు. రాతి మీదా మంచు మీదా ఒకే బూటు పట్టు నిలుపుకుంటే ఇలాంటివి తప్పుతాయని ఆయన గట్టిగా నమ్మాడు. 1937లో గాళ్ళున్న రబ్బరు అడుగును తయారుచేశాడు. ఆయన పేరూ ఇంటిపేరూ కలిసి విబ్రమ్ అనే సోల్ బ్రాండ్ పేరయింది. ఆ రోజుల్లోనే ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లో అడవిలోని రాళ్ళ మీద ఆడుకునే పియర్ అలాన్, గాళ్ళు లేని నున్నటి రబ్బరు అడుగుతో బిగుతైన షూ రూపొందించాడు. ఇవాళ్టి క్లైంబింగ్ షూలన్నిటికీ మూలం అదే. 1980ల మొదట్లో స్పెయిన్ కంపెనీ బొరియల్ ఫిరే అనే షూతో అంటుకునే రబ్బరు తెచ్చింది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ గ్రానైట్ మీద అది చూపిన పట్టుతో పాత షూలన్నీ మూలపడ్డాయి. అక్కడి రాయీ మన రాయీ ఒకే జాతివి కాబట్టి ఆ చరిత్ర మనకు దగ్గరిదే.

ఇప్పుడు దుకాణంలో దొరికే ఏ పేరున్న కంపెనీ షూ అయినా మొదటి జతకు సరిపడా రబ్బరుతోనే వస్తుంది. చూడాల్సింది మందం. కొత్తవాళ్ళ కోసం చేసే షూలకు సాధారణంగా 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మందం ఎక్కువైతే ఎక్కువ కాలం వస్తుంది, రాయి స్పర్శ తక్కువ తెలుస్తుంది. కొత్తలో కాలు ఈడ్చుకుంటూ ఎక్కడం ఎవరికైనా తప్పదు, గ్రానైట్ రబ్బరును గరుకు కాగితంతో సమానంగా అరగదీస్తుంది. అందుకని మొదటి జతకు మందమే మేలు. మరీ మెత్తటి షూ స్లాబ్ మీద బాగా అంటుకుంటుంది గానీ, శనగగింజంత స్ఫటికం మీద నిలబడితే ఆ బరువంతా వేళ్ళే మోయాలి. కొత్తవాళ్ళ కాలి కండరాలకు అంత బలం ఇంకా రాదు. మరీ గట్టి షూ స్ఫటికం మీద కదలకుండా నిలుస్తుంది గానీ స్లాబ్‌కు వంగదు. చేతుల్లోకి తీసుకుని ముందు భాగాన్ని పైకి వంచి చూడండి. కొంచెం ప్రయత్నంతో వంగి, వదలగానే తిరిగి వచ్చేయాలి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది సైజు దగ్గర. "బాగా బిగుతుగా కొనుక్కో, తర్వాత సాగుతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి జిమ్‌లోనూ ఉంటారు. లోపల గుడ్డ కుట్టని తోలు షూ నిజంగానే సాగుతుంది, ఒక్కోసారి ఒక పూర్తి సైజు దాకా. కృత్రిమ పదార్థంతో చేసినది పెద్దగా సాగదు. కాబట్టి ఏ పదార్థమో తెలుసుకోకుండా ఈ సలహా పాటిస్తే వేళ్ళ గోళ్ళు నల్లబడతాయి. సాయంత్రం పూట కొనడానికి వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. సాక్సు లేకుండా తొడగండి. వేళ్ళ కొసలన్నీ ముందుకు తాకాలి, కణుపుల దగ్గర కొద్దిగా వంగాలి, కానీ ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మడమ వెనక ఖాళీ మిగలకూడదు. పది నిమిషాలు అలాగే ఉంచుకుని, దుకాణంలో ఏ చెక్క అంచు కనిపించినా బొటనవేలి మీద నిలబడి చూడండి. నొప్పి ఒకే చోట పొడిచినట్టుంటే ఆ షూ మీ పాదానికి కుదరదు, ఎంత పేరున్నదైనా వదిలేయండి. చెప్పుల్లోనూ ఉత్తి కాళ్ళతోనూ పెరిగిన పాదాలు ముందు భాగంలో వెడల్పుగా ఉంటాయి, మనలో చాలామందివి అలాంటివే. యూరప్ కంపెనీలు సన్నటి అచ్చుల మీద చేసే షూలు మనకు పట్టకపోతే తప్పు పాదానిది కాదు, వెడల్పు రకం అడగండి. ఒక కంపెనీ 42, ఇంకో కంపెనీ 42 ఒకటి కావు. అందుకే మొదటి జత ఆన్‌లైన్‌లో తెప్పించుకోవద్దని నా గట్టి సలహా. డెకాథ్లాన్ దుకాణాల్లో ఆ సంస్థకే చెందిన సిమాండ్ రకాలు తొడిగి చూడొచ్చు. ఇంకే కంపెనీది కొన్నా ముందు స్నేహితుల జత తొడిగి చూసి కొనండి.

వెల్‌క్రోనా, లేసులా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. బౌల్డరింగ్‌లో, అంటే తాడు లేకుండా గుండ్రాళ్ళు ఎక్కేటప్పుడు, రెండు నిమిషాలు ఎక్కి పది నిమిషాలు కూర్చుంటాం, ప్రతిసారీ షూ విప్పుతాం. రెండు పట్టీల వెల్‌క్రో హాయి.

లేసుల విలువ భువనగిరిలో తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి వరంగల్ దారిలో సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ కోట మొత్తం ఒకే బండ మీద ఉంది. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతోనే ఆ ఊరికి పేరొచ్చిందంటారు. అక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్‌లో కోచ్ శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు శిక్షణ పొందారు. వాళ్ళలో ఇద్దరు, మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. పాదాన్ని నమ్మడం వాళ్ళు మొదట నేర్చుకున్నది మన గ్రానైట్ మీదే. ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. భువనగిరి బండ మీద తాడుతో ఎక్కేటప్పుడు షూ చాలాసేపు కాలికే ఉంటుంది. పాదం వేడెక్కి ఉబ్బుతుంది. లేసులుంటే ముందు వదులు చేసి వెనక బిగించుకోవచ్చు. నెలకొకసారైనా అటు వెళ్ళేవాళ్ళు లేసులు తీసుకోండి, వెళ్ళనివాళ్ళు వెల్‌క్రో తీసుకోండి.

షూ ఎంత మంచిదైనా హైదరాబాద్ ఎండ ముందు దాని ఆటలు సాగవు. వేడికి రబ్బరు మరీ మెత్తబడి జారుతుంది, అరచేతులు చెమటపడతాయి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో బండ మీద చెయ్యి పెట్టలేం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున, రాయి చల్లగా పొడిగా ఉన్నప్పుడు, అదే షూ రెండింతలు నమ్మకంగా నిలుస్తుంది. ఇంకొకటి ధూళి. గుట్ట మీద రాళ్ళ మధ్య నేలంతా గ్రానైట్ అరిగిన ముతక ఇసుకే. క్లైంబింగ్ షూతో ఆ ఇసుకలో నడిచి నేరుగా బండ ఎక్కితే, రబ్బరుకూ రాయికీ మధ్య ఇసుక రేణువులు చేరి దొర్లుతాయి. పాత డోర్‌మ్యాట్ ముక్క ఒకటి సంచిలో వేసుకెళ్ళండి. రాయి మొదట్లో దాన్ని పరిచి, దాని మీద నిలబడి షూ తొడుక్కుని, అడుగును అరచేత్తో నల్లగా మెరిసేదాకా రుద్ది, నేల తాకకుండా బండ మీదికి కాలు వేయండి. ఖర్చు లేని ఈ అలవాటుతో వచ్చే పట్టు, రెండింతల ధర పెట్టి కొన్న షూతో కూడా రాదు.

అరుగుదల బొటనవేలి కొస దగ్గర ముందు కనిపిస్తుంది. కింద రబ్బరు పలచబడి, షూ చుట్టూ ఉండే పట్టీ రబ్బరుకు చేరేలోపే అడుగు మార్పించాలి. పట్టీకి చిల్లు పడితే మరమ్మతు కష్టం. క్లైంబింగ్ రబ్బరుతో రీసోల్ చేసేవాళ్ళు మన దేశంలో తక్కువే గానీ, కొరియర్‌లో పంపించి చేయించుకోవచ్చు. మామూలు చెప్పుల దుకాణంలో వేసే సోల్ నడకకే పనికొస్తుంది, రాతి మీద అది ప్రమాదం. ఖరీదైన జతకు బదులు మధ్యరకం జత కొంటే మిగిలే డబ్బును స్నేహితులతో కలిసి క్రాష్ ప్యాడ్ (పడినప్పుడు కాపాడే, మోసుకెళ్ళే పరుపు) మీద పెట్టండి. గుట్ట మీద కింద పరుపు ఉండదు.

షూ సంగతి అలా ఉంచితే, అసలు ఈ రాళ్ళే ఎన్నాళ్ళుంటాయన్నది నన్ను తొలిచే ప్రశ్న. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచి ఈ ఐటీ కారిడార్ పెరిగిందంటే చాలావరకు ఇలాంటి బండలను పేల్చి, చదును చేసే పెరిగింది. 1996లో ఏర్పడ్డ సొసైటీ టు సేవ్ రాక్స్ ప్రతి గుట్ట కోసం అర్జీలు పెడుతూ, రాక్ వాక్‌లకు జనాన్ని తీసుకెళ్తూ వస్తోంది. జర్మనీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఫ్రౌకె కాదర్, 2021లో కన్నుమూసిన మాజీ ఐఏఎస్ నరేంద్ర లూథర్ ఆ పనికి ఏళ్ళ తరబడి సమయమిచ్చారు. వాళ్ళ కృషి వల్లే కొన్ని రాతి సముదాయాలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. 2025లో సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో నేల చదును చేసే యంత్రాలు దిగినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనేదాకా వచ్చింది. రాళ్ళెక్కేవాళ్ళు ఆ వాక్‌లలో కనిపించాలని నా కోరిక. ఏ రాయి ఎక్కడుందో, దానికి ఏ పక్క నుంచి దారుందో ఈ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసింది వాళ్ళకే.

మళ్ళీ షూ దగ్గరికొస్తే, కొత్త జతతో మొదటి ఆదివారం పెద్ద ప్రాబ్లమ్ జోలికి వెళ్ళకండి. నడుమెత్తు దాటని ఏటవాలు బండ ఒకటి చూసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని కాళ్ళతోనే ఎక్కి దిగండి. అడుగు చిన్నదిగా వేయండి, మడమ దించండి, పెట్టిన కాలు మళ్ళీ సర్దకండి. అదే బండ మీద పక్కకు జరుగుతూ వాలు పెంచుకుంటూ వెళ్ళండి. అరగంట తర్వాత వేళ్ళ కంటే ముందు పిక్కలు అలిసిపోతే, సైజు సరిగ్గా కుదిరినట్టే.